12 ఏళ్ల బేస్‌బాల్ పిచర్, రెండు టీమ్‌లు: పిచ్‌ల లెక్క ఎలా కలపాలి?

నమస్కారం. మా అబ్బాయి బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు (ఒక్కో విసురు ఒక పిచ్). లిటిల్ లీగ్ అనే పిల్లల లీగ్‌లోనూ, వేరే ఊళ్లకు వెళ్లి ఆడే ట్రావెల్ టీమ్‌లోనూ పిచింగ్ చేస్తాడు. లిటిల్ లీగ్ నిబంధనల్లో ఈ వయసుకి రోజుకు 85 పిచ్‌లే గరిష్ఠం. 51 నుంచి 65 వేస్తే 3 రోజులు, 66 లేదా అంతకు మించితే 4 రోజులు విశ్రాంతి. చిక్కేమిటంటే, ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే. శనివారం ఇక్కడ 60, సోమవారం అక్కడ 40 వేస్తే ఏ పుస్తకంలోనూ తప్పు కనపడదు, మోచేతికి మాత్రం విశ్రాంతి ఉండదు. మోచేయి లోపలివైపు ఎముక ఎదిగేచోట మృదులాస్థి ఇంకా గట్టిపడలేదు. అలసిన చేత్తో విసిరితే ముందు దెబ్బతినేది అదే. నొప్పంటే ఆపేస్తాం, అందులో రాజీ లేదు.

ఉమ్మడి లెక్క మీరెలా నడుపుతున్నారు? బుల్‌పెన్‌లో (పిచర్లు సాధన చేసే చోట) వేసినవీ రాస్తారా? 41 పిచ్‌లు వేసినవాణ్ని అదేరోజు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్‌లు పట్టేవాడిగా) పెట్టడానికి లిటిల్ లీగ్ ఒప్పుకోదు. ట్రావెల్ కోచ్ అడిగితే ఎలా కాదన్నారు? ఏడాదిలో 4 నెలలు విసరడం మాన్పించాలంటే ఏ నెలలు నయం? దయచేసి చెప్పండి.