అప్‌డేట్: తాత మృదంగం బతికింది, ఎడమ వైపు తోలు మూత మాత్రం పోయింది

కావలిలో మా ఇంటి అటక మీద దొరికిన తాత మృదంగానికి పురుగు పట్టింది, కర్రలో సన్న పగులు ఉంది, పనికొస్తుందా అని పోయిన నెల అడిగాను గదా. "ఎండలో మాత్రం పెట్టొద్దు" అని చాలామంది చెప్పారు. అప్పటికే రెండు రోజులు డాబా మీద ఎండబెట్టేశాను. ఆ మాట చెప్పడానికి అప్పుడు సిగ్గేసింది.

నెల్లూరులో మృదంగాలు బిగించే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. తట్టి చూసి, పనస కర్ర లోపల గట్టిగానే ఉందన్నాడు. వార్లు విప్పాక అసలు సంగతి బయటపడింది. వాయించేటప్పుడు మంద్రంగా మోగడానికి ఎడమ మూతకు అంటించిన రవ్వ ముద్ద తీయకుండానే తాత దాచేశాడు! అది ఎండి రాయిలా అయింది, దాని కోసం వచ్చిన ఎలుకలు తోలు కూడా కొరికేశాయి. వాయించిన ప్రతిసారీ రవ్వ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే సంచిలో పెట్టాలట.

పురుగు బొక్కల్లోకి సిరంజితో మందు ఎక్కించి, కర్రను పాలిథిన్‌లో చుట్టి పది రోజులు ఉంచాడు. పగులులో జిగురు కలిపిన రంపపు పొట్టు కూరాడు. ఎడమ మూత కొత్తది వేశాడు. కుడి మూత, దాని మధ్యలో ఉండే గుండ్రటి నల్ల పూత (కరణ)తో సహా, పాతదే.

మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ తేమకు తోలు వదులై శ్రుతి దిగుతుంది. అందుకని రాయి, కర్రముక్క పట్టుకుని అంచు మీద కొట్టి శ్రుతి ఎక్కించడం నేర్పించాడు. నా మొదటి దెబ్బ కరణ మీద పడబోయి తప్పింది, ఆయన మొహం చూడాలి అప్పుడు!

ఇప్పుడది అటక మీద లేదు, హాల్లో కిటికీకి దూరంగా బల్ల మీద ఉంది.