టాలీ, ఎక్సెల్, క్రోమ్ మధ్య మారడానికి ఆల్ట్ ట్యాబ్ కన్నా మంచి టూల్ ఏది?

బషీర్‌బాగ్_లెడ్జర్:
ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు, విండోస్ 11 లాప్‌టాప్. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్ సర్వర్‌లో ఉంటుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టి వాడతాం. ఇటువైపు నాలుగైదు ఎక్సెల్ ఫైళ్లు, క్రోమ్‌లో జీఎస్టీ పోర్టల్, ఔట్‌లుక్, తెలుగు లెటర్ల కోసం వర్డ్. 20వ తారీఖు, అదే త్రీబీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) గడువు, దగ్గరపడితే ఆల్ట్ ట్యాబ్‌లో వెతుక్కోవడమే సగం పని. మౌస్ ముట్టకుండా నేరుగా కావాల్సిన విండోలోకి పోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ మంచిదా, స్క్రిప్ట్ రాసి సొంత షార్ట్‌కట్ కీలు పెట్టుకునే ఆటోహాట్‌కీ మంచిదా? అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు.

కూకట్‌పల్లి_కీస్:
ముందు ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. మీవి ఐదే యాప్‌లు, అవీ రోజూ అవే. టాస్క్‌బార్‌లో రిమోట్ డెస్క్‌టాప్, ఎక్సెల్, క్రోమ్, ఔట్‌లుక్, వర్డ్ ఇదే వరసలో పిన్ చేయండి. విండోస్ కీ పట్టుకుని 1 కొడితే టాలీ, 2 కొడితే ఎక్సెల్. పదో యాప్ దాకా పనిచేస్తుంది, పదోదానికి 0. తర్వాత ఆ వరస మార్చొద్దు, వేళ్లకు అలవాటు తప్పుతుంది. ఒక్కటే విండో ఉన్న యాప్‌లో ఉండి మళ్లీ అదే అంకె కొడితే అది మినిమైజ్ అవుతుంది, కంగారు పడకండి.

ఆల్ట్ ట్యాబ్‌లో ఎడ్జ్ ట్యాబ్‌లు కూడా వచ్చి పడుతుంటే సెట్టింగ్స్, సిస్టమ్, మల్టీటాస్కింగ్‌లోకి వెళ్లి ట్యాబ్‌లు చూపొద్దని పెట్టండి.

బషీర్‌బాగ్_లెడ్జర్:
థాంక్స్ అన్నా. టాలీలో ఉన్నప్పుడు మాత్రం 2 కొడితే సర్వర్‌లోని టాస్క్‌బార్ కదులుతోంది. మిగతా చోట్ల ఎక్సెల్ ఏమో వస్తోంది గానీ వేరే ఫైల్ వస్తోంది.

సర్వర్_రూమ్:
మొదటిది రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగ్. కనెక్ట్ కాకముందే షో ఆప్షన్స్ నొక్కి, లోకల్ రిసోర్సెస్‌లో కీబోర్డ్ కింద "ఆన్ దిస్ కంప్యూటర్" ఎంచుకోండి. జనరల్ ట్యాబ్‌లో సేవ్ కొట్టండి, లేకపోతే రేపు మళ్లీ మొదటికొస్తుంది. ఇక ఆల్ట్ ట్యాబ్ కూడా లాప్‌టాప్‌దే అవుతుంది; సర్వర్ లోపల విండోలు మారడానికి ఆల్ట్, పేజ్ అప్ వాడాలి.

ఎక్సెల్‌కు విండోస్, కంట్రోల్, 2 కలిపి కొట్టండి, చివరగా వాడిన ఫైలే వస్తుంది. ఎక్సెల్ లోపలికి వచ్చాక కంట్రోల్ ఎఫ్6తో మిగతా ఫైళ్లు తిరగొచ్చు.

కూకట్‌పల్లి_కీస్:
టూల్స్ సంగతి. పవర్‌టాయ్స్‌లో రన్ అనే వెతికే పెట్టె ఉంటుంది, దాంట్లో లెస్ దేన్ గుర్తు (<) కొట్టి ఫైల్ పేరులో రెండు అక్షరాలు టైప్ చేస్తే తెరిచి ఉన్న ఆ విండో దొరుకుతుంది. ఇరవై ముప్ఫై విండోలు తెరిచేవాళ్లకు బంగారం, మీకు అంత అవసరం లేదు. పైగా వర్డ్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉండగా దాన్ని పిలిస్తే వెతికే పెట్టెలోనూ తెలుగు అక్షరాలే పడతాయి, ఎక్సెల్ దొరకదు. అంకెల పద్ధతిలో ఈ తంటా లేదు. ఎలాగూ అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్ విండోకు వేరే ఇన్‌పుట్ మెథడ్ అనే టిక్ పెట్టుకోండి. వర్డ్‌లో తెలుగు, ఎక్సెల్‌లో ఇంగ్లీష్ వేటికవే ఉంటాయి.

ఆటోహాట్‌కీ అన్నిటికన్నా గట్టిది, కానీ చాలా ఆఫీసుల్లో సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు. అడ్మిన్‌గా నడిచే విండో ముందుంటే మామూలుగా నడిపిన స్క్రిప్ట్ కీలు అక్కడ పనిచేయవు. ఎప్పుడైనా పెట్టుకుంటే ఆల్ట్‌తో అక్షరాలు మాత్రం కలపొద్దు. టాలీప్రైమ్‌లో గో టూ ఆల్ట్ జీ మీదే ఉంది, క్రియేట్ ఆల్ట్ సీ మీద.