బ్రెక్సిట్‌కి ముందే యూరప్‌లో స్థిరపడ్డ బ్రిటిష్ వాళ్లకి ఒక్క దేశంలోనే హక్కా?

రైన్_తీరం:
వేరే చర్చలో ఒకాయన "బ్రిటన్ ఓటేసి మరీ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి పోయింది, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం" అన్నారు. నాకు మింగుడుపడలేదు, అందుకే విడిగా అడుగుతున్నా. నాది బ్రిటిష్ పాస్‌పోర్ట్, బ్రెక్సిట్‌కి చాలా ముందు నుంచే జర్మనీలో ఉంటున్నా. 2020 డిసెంబర్ 31 నాటికే ఇక్కడున్నాను కాబట్టి బ్రిటన్, ఈయూ చేసుకున్న బ్రెక్సిట్ ఒప్పందం ప్రకారం ఇక్కడే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, బాగానే ఉంది. కానీ పక్కనున్న నెదర్లాండ్స్‌లో మంచి ఉద్యోగం దొరికితే వెళ్లి కాపురం పెట్టే హక్కు లేదు, అక్కడ నేను టూరిస్టునే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. పైగా ఓటేసింది ఎవరండీ? 15 ఏళ్లు దాటి బయటున్న వాళ్లకి 2016 రెఫరెండంలో అసలు ఓటే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడి, తర్వాత అక్కడే స్థిరపడ్డ హ్యారీ షిండ్లర్ ఆ రూల్ మీద ఏళ్ల తరబడి కొట్లాడాడు. 2023లో, 101 ఏళ్ల వయసులో పోయాడు. రూల్ ఎత్తేసింది 2024 జనవరిలో.

గోదారి_గట్టు:
అన్నా, ఓటు సంగతి అన్యాయమే, ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో జర్మనీలో ఉన్న నాలాంటి వాళ్లకి పక్క దేశాల్లో మొదటి రోజు నుంచీ ఆ 90 రోజుల లెక్కే. మీకు శాశ్వత నివాసం వచ్చాక ఐదేళ్ల వరకు బయట ఉన్నా హక్కు పోదు, మాకు ఇక్కడి శాశ్వత పర్మిట్ మామూలుగా ఆరు నెలలు దాటితే పోతుంది, అమ్మకి ఒంట్లో బాగోలేదని రాజమండ్రి వెళ్లినా ఆ తేదీ టెన్షన్ వెంటే ఉంటుంది. పైగా 2024 జూన్ నుంచి జర్మనీ రెండో పౌరసత్వం ఒప్పుకుంటోంది కదా, తీసుకుంటే మీ సమస్య ఆ రోజే తీరిపోతుంది.

అలికాంతే_అమ్మ:
మీరిద్దరూ హక్కుల గురించి మాట్లాడుతున్నారు, నాకు అసలు చిక్కు ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గరే బాబూ. మాది స్పెయిన్, టీఐఈ కార్డు (విదేశీయులకి ఇక్కడిచ్చే నివాస కార్డు) ఉంది, దాని మీద ఆర్టికల్ 50 అని, అంటే బ్రెక్సిట్ ఒప్పందం కింద ఉన్నవాళ్లమని, రాసే ఉంటుంది. కార్డు పాస్‌పోర్ట్ పైన పెట్టి ఇచ్చినా ఒకసారి ఆఫీసర్ దాన్ని పక్కకి జరిపి, ఖాళీ పేజీ వెతికి మరీ స్టాంపు కొట్టేశాడు. అది టూరిస్టుల రోజులు లెక్కపెట్టే స్టాంపు, మాకు కొట్టకూడదు. 2025 అక్టోబర్ 12 నుంచి స్టాంపుల బదులు వేలిముద్రలు, ముఖం ఫోటో తీసే ఈఈఎస్ అనే కంప్యూటర్ నమోదు పద్ధతి సరిహద్దుల్లో మొదలైంది, మాలాంటి వాళ్లకి అందులో మినహాయింపు ఉంది, కానీ పొరపాటున టూరిస్టుగా ఎక్కించారంటే 90 రోజులు దాటగానే కంప్యూటర్ దృష్టిలో గడువు మీరినట్టే. కార్డు ముందే చూపించండి, నోరు తెరిచి చెప్పండి. స్పెయిన్‌లో ఉంటున్నట్టు ఇచ్చిన, ఫోటో లేని పాత పచ్చ కాగితంతోనే నెట్టుకొస్తున్న వాళ్లు దయచేసి కార్డు చేయించుకోండి.

రైన్_తీరం:
థాంక్స్ అమ్మా, ఇది అందరూ చదవాల్సిన మాట.
గోదారి తమ్ముడూ, నీ ఆరు నెలల రూల్ కూడా మారాల్సిందే, అందులో నేను నీ పక్షమే. కానీ నీ కష్టం ఉంది కాబట్టి నాది కష్టం కాదంటే ఎలా? పౌరసత్వం అందరికీ కుదరదు. 1984 నుంచి ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక బ్రిటిష్ ఆవిడ పేరు బ్రెక్సిట్ తర్వాత అక్కడి ఓటర్ల జాబితాలోంచి తీసేశారు, 15 ఏళ్ల రూల్ వల్ల అప్పటికి బ్రిటన్‌లోనూ ఓటు లేదు. బ్రిటిష్ విదేశాంగ శాఖలో పనిచేసినప్పుడు రాణికి విధేయత ప్రమాణం చేశాను, ఫ్రెంచ్ పౌరసత్వం అడగలేను అంది. 2022 జూన్‌లో ఈయూ కోర్టు ఆవిడకి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది.

తిరిగి బ్రిటన్ పొండి అంటారా? 2022 మార్చి 29 తర్వాత మామూలు ఫ్యామిలీ వీసా రూల్సే, భార్య జర్మన్ అయితే ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. మేము 2020 ఆఖరుకే లెక్క తేలిన జనం, ఆ తేదీ తర్వాత కొత్తగా వచ్చినవాళ్లు మామూలుగా ఈ ఒప్పందం కింద హక్కు అడగలేరు. ఇంత మందికి పక్క దేశంలో పని చేసుకునే హక్కిస్తే ఏ దేశం మీద భారం పడుతుందో చెప్పు.