సమస్య: ‘నోరు మూయ నదియె యూరు ముంచె’

ఆటవెలది. సమస్యలో ప్రాసయతి (నోరు–యూరు) ఉంది, గమనించండి. విషయం చైనా జౌ వంశపు లీ రాజు. తనను తిట్టేవాళ్ళను పట్టివ్వడానికి ఒక మంత్రగాణ్ణి వేగుగా పెట్టుకున్నాడు. వాడు వేలు చూపితే చావే. దాంతో దారిలో ఎదురుపడ్డ జనం కళ్ళతోనే పలకరించుకునేవారట. క్రీ.పూ. 841లో రాజధాని హావోజింగ్ తిరగబడితే ఝి అనే ఊరికి పారిపోయాడు.

పూరణ 1

జనుల గుసగుసలకు జంకి లీ భూపతి
వేగు మంత్రగాడు వెదకి చెప్పఁ
జంపెఁ బలుకువారి; సమసె మూడేడులు;
నోరు మూయ నదియె యూరు ముంచె.

— నడక హాయిగా ఉంది. కానీ నది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? హావోజింగ్‌ను ముంచింది వరద కాదు, జనం. పైపాదాల్లో నీటి ఊసే లేకపోతే సమస్య సమస్యగానే మిగిలిపోతుంది.

పూరణ 2

‘జలము నడ్డుకొనుట జనుల నో రాపుట
కంటె సులువు రాజ! కట్ట తెగును!’
షావొ మాట లీకిఁ జప్పగాఁ దోచెను;
నోరు మూయ నదియె యూరు ముంచె.

— ఇదీ పూరణంటే! ప్రజల నోరు కట్టడం ఏటికి కట్ట వేయడం కన్నా ప్రమాదమని లీ కొలువులోని షావో ప్రభువు హెచ్చరించినట్టు చైనా చరిత్రల్లో ఉన్నదే. ఎవరైనా ఆ మాట పట్టుకుంటారా అని చూస్తున్నాను. ‘చప్పగాఁ దోచెను’ దగ్గర నవ్వాగలేదు.

పూరణ 3

అడవి చెరువు కొండ లన్నియుఁ దనవనె
రోంగు మాట వినిన రాజు లోభి;
గోల చేయువారి కుత్తుక నులుమంగ
నోరు మూయ నదియె యూరు ముంచె.

— మూయన్ + అదియె అని విరిచి, నది లేకుండానే గట్టెక్కారు! అసలు గొడవ మొదలైంది ఇక్కడే. అడవులు, చెరువుల మీద రాబడంతా ఖజానాకే చేర్చుకోవాలన్న బుద్ధి లీ నమ్మిన రోంగ్ ప్రభువుది. మిగతావాళ్ళు నోరు మూయించడం దగ్గరే ఆగిపోయారు. అయితే రెండో పాదంలో యతి తప్పింది, రో–రా కుదరదు. ‘రోంగు మాట వినుచు రొక్క మెంచి’ అంటే సరి. పాదంలోంచి రాజు పోతాడు గానీ, ఎలాగూ పోయినవాడేగా.

— గురువుగారూ, యువరాజు సంగతి ఎవరూ ఎత్తలేదేం?

— షావో ఇంట్లోనే దాక్కున్నాడు. జనం ఇల్లు చుట్టుముడితే, షావో తన సొంత కొడుకునే యువరాజని చెప్పి వాళ్ళ చేతికిచ్చాడు. క్రీ.పూ. 828లో లీ ఝిలోనే పోయాక ఆ దాగిన కుర్రాడు షువాన్ రాజయ్యాడు. దాన్ని ఆటవెలదిలో ఇరికించడం కష్టం. సీసం రాస్తానంటే వారం గడువిస్తాను.