స్పేస్‌కి గవర్నమెంట్ డబ్బు ఎందుకు పెట్టాలి? డిబేట్‌కి పాయింట్లు కావాలి
ఫ్రెండ్స్ ఎల్లుండి డిబేట్, అంతరిక్ష పరిశోధనకి ప్రభుత్వాలు ఖర్చు పెట్టాల్సిందే అనే సైడ్ నాకు పడింది. అవతలోళ్ళు ఎలాగూ తిండి లేనోళ్ళుంటే రాకెట్లెందుకు అంటారు, దానికి నా దగ్గరున్నది ఒకటే, 1966లో నాసాకి అమెరికా ఫెడరల్ బడ్జెట్‌లో 4 శాతం పైనే వెళ్ళింది, ఇప్పుడు అర శాతం కూడా లేదు, మరి ఆ మిగిలిన డబ్బుతో పేదరికం పోయిందా అని. కానీ ఇది తొండి వాదనలా నాకే అనిపిస్తోంది 😅 తుఫాను హెచ్చరికలిచ్చే శాటిలైట్లంటే ఈజీగా చెప్పేయొచ్చు, దూరపు గ్రహాల్ని చూడ్డానికి 1977లో వదిలిన వాయేజర్ నౌకల్లాంటివాటి సంగతేంటి, వాటికి లాభమేంటంటే ఏం చెప్పాలి? ప్రైవేటోళ్ళు చూసుకుంటారుగా అంటే మాత్రం ప్రైవేట్ రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్‌కి కూడా 2008లో నాసా ఇచ్చిన కాంట్రాక్ట్‌తో గవర్నమెంట్ డబ్బే వెళ్ళిందని చెప్తా. ఇంకా గట్టి పాయింట్లుంటే చెప్పండి ప్లీజ్.