దొంగ బూస్టర్లను శాటిలైట్‌తో పట్టుకోవచ్చా?

గాలిపటం: రెండు నెలలుగా మా వీధిలో ఫోన్ మోగుతుంది, మాట వినపడదు. తీరా చూస్తే పక్క హాస్టల్ మేడ మీద దొంగ బూస్టర్, అంటే ఫోన్ సిగ్నల్ పెంచుకోవడానికి అనుమతి లేకుండా పెట్టిన పరికరం. దాన్ని వెతికే వ్యాన్ రావడానికి ఆరు వారాలు పట్టింది. అమెరికాలో హాక్‌ఐ 360 కంపెనీ 2018లోనే మూడు చిన్న శాటిలైట్లను జట్టుగా పంపింది. ఒకే సిగ్నల్ మూడింటికీ చేరే సమయంలో, ఫ్రీక్వెన్సీలో ఉండే తేడాలను బట్టి అది ఎక్కణ్ణుంచి వస్తోందో లెక్క కడతారు. మనమింకా వ్యాన్ కోసం కాచుక్కూర్చోవాలా?

రేడియో రాజన్న: అవి వెతికేది ఓడల రాడార్లను, జీపీఎస్ జామర్లను. మీ హాస్టల్ బూస్టర్‌ని కాదు.

గాలిపటం: మరి స్మాస్ శాటిలైట్? నేల తేమ కొలవడానికి యూరప్ వాళ్లు 2009లో పంపారు. 1400–1427 మెగాహెర్ట్జ్‌లో ఎవరూ ప్రసారం చేయకూడదు. చేసినవాళ్లు మ్యాపులో మచ్చల్లా దొరికిపోయారు. ఆయా దేశాలకు చెప్పి చాలావాటిని ఆపించారు కూడా.

రేడియో రాజన్న: జవాబు మీరే చెప్పేశారు. ఆ బ్యాండ్ ఖాళీ, అందులో చప్పుడు చేసినవాడే దొంగ. ఫోన్లు నడిచే 900 మెగాహెర్ట్జ్‌లో ఊరంతా మాట్లాడుతోంది. సంతలో ఒక్కడి గొంతుని వందల కిలోమీటర్ల పైనుంచి ఎలా గుర్తుపడతారు? మచ్చ కనబడినా ఏ పేటో తెలుస్తుంది, ఏ మేడో తెలియదు. యాంటెన్నా పట్టుకుని మెట్లెక్కాల్సింది మనిషే. ఇరవై ఏళ్లు ఎక్కాను. ఒకచోట వాటర్ ట్యాంక్ వెనక యాంటెన్నా, కనబడకుండా దానిమీద చీర ఆరేశారు. ఇంట్లోకి సిగ్నల్ ఇచ్చే లోపలి యాంటెన్నా నాలుగడుగుల దూరంలోనే. ఇక బూస్టర్ తన అరుపు తనే విని మళ్లీ అరుస్తుంది. ఆ రొదలో టవర్‌కి మిగతావాళ్ల ఫోన్లు వినపడవు.

చిట్టి: చీర రంగేంటి సార్?

గాలిపటం: ఇరవై ఏళ్లు మెట్లెక్కినా దొంగలు తగ్గలేదుగా.

సెల్లార్ సుబ్బు: దొంగలు, దొంగలు అంటున్నారు. నేనూ పెట్టానండీ. మా ఇంట్లో సిగ్నల్ సున్నా. మూడేళ్లు కంప్లైంట్లు ఇచ్చాను. అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి 108కి ఫోన్ చేయడానికి రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆ తర్వాతే కొన్నాను. పట్టుకుని పీక్కుపోయారు. సిగ్నల్ ఇవ్వనివాణ్ణి పట్టుకునే శాటిలైట్ ఉందా?

గాలిపటం: మీ బూస్టర్ వల్ల అదే టవర్ కింద ఇంకో ఇంటివాళ్లకి 108 కలవకపోతే?

సెల్లార్ సుబ్బు: అది నన్ను కాదు, టవర్ వాణ్ణి అడగండి.

రేడియో రాజన్న: సుబ్బుగారూ, నేను పీకినవాటిలో సగం మీలాంటి ఇళ్లవే. రిపోర్టులో పరికరం పేరు, అడ్రస్ రాసేవాళ్లం. ఎందుకు పెట్టుకున్నారో రాయడానికి గడి ఉండేది కాదు. నేను శాటిలైట్ వద్దనేది అందుకే. అది వచ్చినా ఆ గడి రాదు.

గాలిపటం: అయితే మా వీధివాళ్లం నోరు మూసుకోవాలన్నమాట.

చిట్టి: వైఫై కాలింగ్ పెట్టుకోవచ్చుగా?

సెల్లార్ సుబ్బు: వాళ్లూ అదే చెప్పారు. అమ్మది బటన్ల ఫోను.