400 పాయింట్ల నియమం: 2650 దాటినవాళ్లకే తీసేయడం న్యాయమా?

నల్ల గుర్రం:
చెస్‌లో గేము ఫలితాన్ని బట్టి రేటింగ్ మార్చేటప్పుడు, ఇద్దరి రేటింగ్ తేడా 400 దాటితే, అది ఎంతున్నా 400గానే లెక్కవేసేవారు. 2650, ఆపైన ఉన్నవాళ్లకు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) 2025 అక్టోబర్ 1 నుంచి ఈ వెసులుబాటు తీసేసింది. కారణం తెలిసిందే. 2026 క్యాండిడేట్స్ టోర్నీకి రేటింగ్ కోటాలో వెళ్లాలంటే 40 క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేములు ఆడి ఉండాలన్నది షరతు. ఆ లెక్క పూర్తిచేయడానికి అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా లూసియానా రాష్ట్ర ఛాంపియన్‌షిప్, అయోవా ఓపెన్ లాంటి చోట్ల తనకన్నా చాలా తక్కువ రేటింగ్ వాళ్లతో ఆడాడు. గెలిచిన గేముకు 0.8 పాయింట్ చొప్పున వచ్చేది. ప్రపంచ ఛాంపియన్‌తో ఆడే మనిషిని తేల్చే పోటీకి ఇలా పాయింట్లు కూడబెట్టుకుని రాకూడదు. మార్పు సరైనదే.

హనుమకొండ అభిమాని:
ఒప్పుకోను అన్నా. ఆ 0.8 ఊరికే రాదు. ఒక్క డ్రా అయితే 4.2 పోతుంది, ఐదు గేములు గెలిచినా అది పూడదు. ఓడితే ఏకంగా 9.2. ఎంత టెన్షనో చూడండి! మన వరంగల్ అర్జున్ ఎరిగైసి ఓపెన్లు (ఏ రేటింగ్ వాళ్లైనా ఆడగల టోర్నీలు) విరివిగా ఆడుతూనే 2024 డిసెంబర్ లిస్టులో 2801కి చేరాడు. ఇక అలాంటివాళ్లు ఓపెన్లకు ఎందుకొస్తారు?

నల్ల గుర్రం:
అర్జున్ ఉదాహరణ ఇక్కడ కుదరదు తమ్ముడూ. అతను గెలిచిన మెనోర్కా లాంటి ఓపెన్లలో పైబోర్డుల మీద ఎదురయ్యేది ఎక్కువగా 2400 దాటినవాళ్లే. తేడా 400 లోపుంటే పాత లెక్కా కొత్త లెక్కా ఒకటే. కొత్త లెక్కలో తేడా 735 దాటితేనే గెలిచినా సున్నా.

ఏనుగు బాట:
నాకు అభ్యంతరం ఆ 2650 గీత దగ్గరే. తనకన్నా 600 తక్కువవాణ్ని ఓడిస్తే 2640 ఆటగాడికి 0.8 వస్తుంది, 2660 ఆటగాడికి 0.2. ఇరవై పాయింట్ల తేడాకే ఇంత మార్పా? ఓపెన్లలో జతలు కట్టే స్విస్ పద్ధతిలో మొదట రేటింగ్ జాబితా పైసగాన్ని కిందిసగంతో కలుపుతారు కాబట్టి చిన్న ఓపెన్లలో మొదటి రౌండ్లో ఇలాంటి జతలు మామూలే. పెద్ద ఆటగాడు రాకపోతే నష్టపోయేది కిందివాడు. పాత నియమం అతనికి ఇంకా ఉంది: కె (రేటింగ్ ఎంత వేగంగా మారాలో తేల్చే గుణకం) 20 అయితే ఓడినా పోయేది 1.6, డ్రా చేస్తే 8.4 వస్తుంది. అంతకన్నా ముఖ్యం, అలాంటి ఆటగాడి ఎదుట నాలుగు గంటలు కూర్చునే అవకాశం. ఏ కోచింగ్‌లోనూ అది దొరకదు.

హనుమకొండ అభిమాని:
అదే నా బాధ కూడా. క్యాండిడేట్స్ కోటా ఇబ్బందైతే ఆ కోటా షరతే మార్చాలి. ఆ 40 గేముల్లో 400 లోపు తేడా ఉన్నవాటినే లెక్కించమనండి, రేటింగ్ జోలికి వెళ్లొద్దు.

నల్ల గుర్రం:
ఆ షరతుకు నేనూ సరే. కానీ అప్పటిదాకా ఈ మార్పు ఉండాల్సిందే.